వెళ్తే ఇల్లు కూడా వెళ్ళాలి

పెద్ద ఎయిర్‌లైన్ పేరుతో చిన్న విమానాలు నడిపే ఒక రీజినల్ ఎయిర్‌లైన్ నుంచి డిస్పాచర్ ఉద్యోగం ఇస్తామంటూ ఉత్తరం వచ్చింది. జవాబుకు పది రోజుల గడువు పెట్టారు. అందులో ఆరు రోజులు గడిచాయి. ఉద్యోగం ఉన్న ఊరు మేముంటున్న చోటి నుంచి కారులో రెండు రోజుల దూరం. ఇంటి నుంచి పని చేసే వీలు లేదని, చేరే నాటికి ఆ ఊరికి మారి ఉండాలని ఉత్తరంలో విడిగా ఒక పేరా రాశారు.

ఈ ఆరు రోజుల్లో చుట్టాలు, స్నేహితులు, ఇప్పటికే ఈ రంగంలో ఉన్నవాళ్ళు ఇచ్చిన సలహాలన్నీ తిరిగి తిరిగి ఒక్కచోటికే చేరాయి. ‘నువ్వొక్కదానివే వెళ్ళు. నలుగురైదుగురు కలిసి అద్దెకు తీసుకునే ఇంట్లో ఒక మంచం చూసుకో. వారానికి మూడు రోజులు సెలవు వస్తుంది, ఎయిర్‌లైన్ ఉద్యోగివి కాబట్టి టికెట్టు ఖర్చు లేకుండా ఇంటికి వచ్చిపోవచ్చు. మీ ఆయన ఉద్యోగాన్ని, పాప బడిని కదిలించడం ఎందుకు?’ వినడానికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు లేదనిపిస్తుంది. మొదటి రెండు రోజులు నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. ఈ ఉద్యోగం ఒప్పుకుంటే ఇల్లు కూడా కదలాలి. ఇల్లు కదలడం కుదరదంటే ఉద్యోగాన్నే వదులుకోవాలి. ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ పెట్టుకునే దారి ఈ మూడింటిలోకీ చెడ్డది. దీన్ని కుటుంబం మీద ప్రేమతో చెప్పడం లేదు. ఆ ప్రేమ నాకు ఉంది, కానీ నా వాదన ఆ ఉద్యోగం స్వభావం నుంచి పుట్టింది.

డిస్పాచర్ అంటే కంట్రోల్ టవర్‌లో కూర్చుని పైలట్లతో మాట్లాడే మనిషి అని చాలామంది అనుకుంటారు. వాళ్ళు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు, ప్రభుత్వం తరఫు మనుషులు. డిస్పాచర్ ఎయిర్‌లైన్ మనిషి. విమానం ఏ దారిలో, ఎంత ఎత్తులో వెళ్ళాలి, ఎంత ఇంధనం కావాలి, దిగాల్సిన చోట దిగలేకపోతే ఇంకెక్కడ దిగాలి, ఒక పరికరం పాడైతే దానితోనే ఎగరవచ్చా లేదా అన్నవన్నీ లెక్క చూసి డిస్పాచ్ రిలీజ్ అనే పత్రాన్ని తయారు చేసేది ఆ మనిషే. అమెరికా విమానయాన నిబంధనల్లో, షెడ్యూలు ప్రకారం నడిచే ఎయిర్‌లైన్స్ విషయంలో, విమానం బయలుదేరే ముందు వేసే ప్రణాళికకు, ఆలస్యానికి, ఆ రిలీజ్‌కు కెప్టెన్, డిస్పాచర్ ఇద్దరూ ఉమ్మడిగా బాధ్యులు. ఇద్దరిలో ఎవరు ఒప్పుకోకపోయినా విమానం కదలదు. గాలిలోకి లేచిన తర్వాత కూడా బాధ్యత తీరదు. అత్యవసర పరిస్థితి తలెత్తినట్టు డిస్పాచర్‌కు తెలిసి, పైలట్‌తో మాట్లాడే వీలు లేకపోతే, తానే ఎమర్జెన్సీ ప్రకటించి అవసరమైన చర్య తీసుకోవాలని నిబంధన చెబుతుంది.

ఈ అధికారం ఊరికే రాలేదు. 1935 మే 6న మిస్సోరి రాష్ట్రంలో టీడబ్ల్యూఏ అనే ఎయిర్‌లైన్ విమానం ఒకటి, వాతావరణం బాగాలేని రాత్రి, ఇంధనం తరిగిపోతుండగా కూలింది. చనిపోయినవారిలో బ్రాన్సన్ కటింగ్ అనే సెనేటర్ ఉన్నారు. ఆ ప్రమాదం మీద రేగిన చర్చ 1938 నాటి సివిల్ ఏరోనాటిక్స్ చట్టానికి దారితీసిన కారణాల్లో ఒకటి. నేల మీద కూర్చున్న మనిషికి కూడా పైలట్‌కు ఉన్నట్టే ప్రభుత్వ సర్టిఫికెట్టు, దానితోపాటు బాధ్యత ఉండాలన్న ఆలోచన ఆ రోజుల్లోనే గట్టిపడింది. ఈ రోజు ఆ సర్టిఫికెట్టు కావాలంటే 23 ఏళ్ళు నిండాలి, కనీసం 200 గంటల కోర్సు చదవాలి, రాత పరీక్ష నెగ్గాలి, ఆపైన పరీక్షాధికారి ఎదురుగా కూర్చుని వాతావరణ పటాలు చదివి ఒక విమానాన్ని మొదటి నుంచి చివరి దాకా ప్లాన్ చేసి చూపాలి. విమానాశ్రయంలో ప్రయాణికులను విమానం ఎక్కించే గేటు దగ్గర ఉద్యోగం చేస్తూ నేను అవన్నీ పూర్తి చేశాను.

గేటు దగ్గర నాకు ఏడేళ్ళు నిండాయి. డిస్పాచ్ వైపు నన్ను నెట్టింది అక్కడ జరిగిన ఒక చిన్న సంఘటన. జనవరిలో ఒక సాయంత్రం, 50 సీట్ల చిన్న జెట్. అందరూ టికెట్లు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. కంప్యూటర్ తెర మీద సందేశం వచ్చింది: బరువు పరిమితి, ఆరుగురిని ఆపాలి. ఆగడానికి ఇష్టపడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. నలుగురు ముందుకొచ్చారు. మిగిలిన ఇద్దరిని జాబితాలో కింది నుంచి నేనే ఎంచాల్సి వచ్చింది. వారిలో ఒకామె తండ్రి ఆసుపత్రిలో ఉన్నారు. ఆమె గొడవ పడలేదు, గొంతు పెంచలేదు. తలుపు దగ్గర నిలబడి, ‘నా సీటు ఖాళీగా వెళ్తోంది కదా, నేను ఎక్కితే ఏమవుతుంది?’ అని మాత్రం అడిగింది. బరువు ఎక్కువైందండీ అన్నాను. ‘ఖాళీ సీటున్న విమానంలో బరువు ఎక్కువ కావడం ఏమిటి?’ అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఆ నిర్ణయాన్ని నా చేతులతో అమలు చేశాను. అది ఎవరు చేశారో, ఎందుకు చేశారో నాకు తెలియదు.

సమాధానం దొరికింది గత నెలలో, ఇంటర్వ్యూ రోజున. ప్రశ్నలన్నీ అయ్యాక అభ్యర్థులను ఒక్కొక్కరిని ఒక్కో డిస్పాచర్ పక్కన గంటసేపు కూర్చోబెట్టారు. నేను కూర్చున్నది యాభై దాటిన ఒకాయన పక్కన. ఎదురుగా ఆరు తెరలు. ఆ షిఫ్టులో ఆయన చేతి కింద పదుల సంఖ్యలో విమానాలున్నాయి. వాటిలో సీఆర్‌జే-200 అనే 50 సీట్ల చిన్న జెట్ ఒకటి మంచు కురుస్తున్న ఊరికి వెళ్ళాలి. చేరే సమయానికి ఒక గంట ముందు నుంచి ఒక గంట తర్వాత దాకా మేఘాల అడుగు కనీసం 2,000 అడుగుల ఎత్తులో, చూపు కనీసం 3 మైళ్ళు ఉంటుందని వాతావరణ అంచనా చెబితేనే ఆల్టర్నేట్, అంటే అక్కడ దిగలేకపోతే దిగడానికి ముందే ఎంచుకునే మరో విమానాశ్రయం, అక్కరలేదు. ఆ అంచనాలో చూపు 2 మైళ్ళని ఉంది. కాబట్టి ఆల్టర్నేట్ తప్పనిసరి.

దగ్గరలో ఒకటి ఉంది. కాగితం మీద అది సరిపోతుంది కూడా. ఆయన దాన్ని తెర మీద పెద్దదిగా చేసి, మంచు పట్టీ ఏ వైపు కదులుతోందో రెండు నిమిషాలు చూశారు. ‘ఇక్కడ మూసుకుంటే అక్కడా మూసుకుంటుంది’ అని దాన్ని వదిలేసి, దక్షిణాన ఎంతో దూరంగా ఉన్న మరో ఊరును ఎంచుకున్నారు. దూరం పెరిగితే ఇంధనం పెరుగుతుంది. ఇక్కడే ఆ జనవరి సాయంత్రానికి జవాబు ఉంది. దారిలో ఖర్చయ్యే ఇంధనం బరువు తగ్గిస్తూ పోతుంది. ఆల్టర్నేట్ కోసం ఎక్కించిన ఇంధనం అలా కాదు, అంతా సవ్యంగా జరిగితే అది ఖర్చు కాకుండా విమానంతోపాటే నేలకు దిగుతుంది. దిగేటప్పుడు ఆ విమానం ఇంత బరువుకు మించి ఉండకూడదని ఒక హద్దు ఉంది. దూరం తక్కువైన ప్రయాణాల్లో ఆ హద్దే ముందు తగులుతుంది. హద్దు దాటితే తీయగలిగింది మనుషులనో సామానునో.

లెక్క ఐదుగురిని ఆపమంది. అక్కడి సిబ్బంది ఫోను చేసి, ఒకరినైనా తగ్గించగలరా అని అడిగారు. కుదరదని ఆయన మెల్లగా చెప్పారు. కాసేపటికి కెప్టెన్ ఫోను చేశారు. ఇద్దరూ నిమిషంన్నర మాట్లాడుకున్నారు. మంచు తొలగించే వాహనాలు రన్‌వే మీద ఉంటే పైన తిరగాల్సి రావచ్చు కాబట్టి ఇంకో పదిహేను నిమిషాల ఇంధనం కావాలని కెప్టెన్ అన్నారు. ఈయన ఒప్పుకున్నారు. ఐదు ఆరైంది. ఆయన రిలీజ్ మీద సంతకం చేసి, వెంటనే పక్క తెర మీద ఉన్న మరో విమానం వైపు తిరిగారు.

నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. గేటు దగ్గర ఆ ఆరో మనిషిని ఆపిన మాట ఎక్కడి నుంచి వస్తుందో, ఎంత శ్రద్ధగా వస్తుందో ఏడేళ్ళ తర్వాత చూశాను. ఆ కుర్చీ నాకు కావాలని అప్పుడే అనిపించింది.

ఆ కుర్చీలో కూర్చునే మనిషికి ఉండాల్సిన అసలు శక్తి ‘వద్దు’ అనగలగడం. కంప్యూటర్ లెక్కలు వేస్తుంది, మార్గాలు చూపిస్తుంది. కాగితం మీద సరిపోయే ఆల్టర్నేట్‌ను వదిలేయమని మాత్రం అది చెప్పదు. ఆ మాట అనాల్సింది మనిషే. అన్న ప్రతిసారీ ఎవరికో నష్టం జరుగుతుంది, ఎవరో ఒకరు ఫోను చేసి బతిమాలుతారు. 2016 నవంబరు 28న బొలీవియాలోని శాంటా క్రూజ్ నుంచి కొలంబియాకు బయలుదేరిన లామియా అనే ఎయిర్‌లైన్ విమానం ఇంధనం అయిపోయి కొండల్లో కూలింది. బ్రెజిల్‌కు చెందిన షాపెకోయెన్సె ఫుట్‌బాల్ జట్టుతో సహా అందులో ఉన్న 77 మందిలో 71 మంది చనిపోయారు. ఫ్లైట్ ప్లాన్‌లో ప్రయాణ సమయం 4 గంటల 22 నిమిషాలు. ఇంధనం ఎంతసేపటికి సరిపోతుంది అన్న చోట కూడా సరిగ్గా 4 గంటల 22 నిమిషాలే రాశారు. విమానాశ్రయంలో ఆ కాగితం తీసుకున్న మహిళా ఉద్యోగి దాన్ని తప్పుపట్టారు. కెప్టెన్ సరిపోతుందన్నారని ఎయిర్‌లైన్ డిస్పాచర్ తనకు చెప్పినట్టు ఆమె తర్వాత తెలిపారు. ఆ డిస్పాచర్ కూడా అదే విమానం ఎక్కాడు, చనిపోయాడు. కోర్సులో ఈ పాఠం చెప్పిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ‘వద్దు’ అనాల్సిన మనిషి ‘ఆయన చెప్పాడు కదా’ అన్నాడు.

దానికి ముందు, 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర ఏవియాంకా 52 విమానం గంటకు పైగా గాలిలో తిరిగి తిరిగి ఇంధనం అయిపోయి కూలింది. 73 మంది పోయారు. తమకు ఎమర్జెన్సీ అని సిబ్బంది స్పష్టంగా ప్రకటించలేదని దర్యాప్తు తేల్చింది. వాతావరణం బాగాలేనప్పుడు, రద్దీగా ఉన్న విమానాశ్రయానికి వెళ్తూ ఎయిర్‌లైన్ డిస్పాచ్ వ్యవస్థ సాయం వాడుకోకపోవడం కూడా ప్రమాదానికి దోహదం చేసిందని ఆ నివేదికలోనే ఉంది. అవతలి గదిలో మెలకువతో ఉన్న ఒక మనిషి ఎంత అవసరమో ఇంతకంటే సూటిగా చెప్పిన మాట నాకు ఎక్కడా కనిపించలేదు.

మెలకువతో ఉన్న మనిషి అన్నాను. నా వాదనంతా ఆ మాట మీద నిలబడి ఉంది.

రీజినల్ ఎయిర్‌లైన్‌లో కొత్తగా చేరిన డిస్పాచర్‌కు ఏ షిఫ్టు వస్తుందో ఈ రంగంలో అందరికీ తెలుసు. షిఫ్టులు సీనియారిటీ వరుసలో ఎంచుకుంటారు. పైనున్నవాళ్ళు పగలు, శని ఆదివారాలు తీసుకున్నాక మిగిలేవి రాత్రులు, తెల్లవారుజాములు, వారం మధ్యలో సెలవులు. పది గంటల చొప్పున నాలుగు రోజుల పని, మూడు రోజుల విరామం అన్న పద్ధతి చాలా చోట్ల ఉంది. ఇప్పుడు ఆ ఒక మంచం, వచ్చిపోయే ప్రయాణం అన్న ఏర్పాటును దీని మీద పెట్టి చూడండి. నాలుగో రాత్రి షిఫ్టు ముగిసి ఉదయం బయటపడతాను. ఖాళీ సీటు దొరికితే విమానం ఎక్కుతాను, దొరకకపోతే తర్వాతి దాని కోసం కూర్చుంటాను. నేరుగా విమానం లేదు, మధ్యలో ఒకచోట మారాలి. ఇంటికి చేరేసరికి ఒక రోజు పోతుంది. తిరుగు ప్రయాణానికి ఇంకో రోజు. ఇంట్లో మిగిలేది ఒక్క రోజు, అందులో సగం నిద్ర. ఆ తర్వాత, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన కళ్ళతో నేరుగా ఆ ఆరు తెరల ముందు కూర్చుంటాను.

నిబంధనలు ఏమంటాయి? డిస్పాచర్‌ను వరుసగా 10 గంటలకు మించి డ్యూటీలో ఉంచకూడదు, ఏడు రోజుల్లో ఒకసారి వరుసగా 24 గంటలు సెలవివ్వాలి. ఈ నియమాలు కుర్చీలో గడిపిన గంటలను లెక్కిస్తాయి. కుర్చీ దగ్గరికి రావడానికి గడిపిన గంటలను లెక్కించవు. పైలట్ల విశ్రాంతి నియమాలను పూర్తిగా మార్చి 2014 జనవరి నుంచి కొత్తవి తెచ్చారు. డిస్పాచర్లకు అవి వర్తించవు. నేను అలసిపోయి వచ్చానా లేదా అన్నది నాకు మాత్రమే తెలుస్తుంది. నన్ను ఆపే నియమం లేదు కాబట్టి నన్ను నేనే ఆపుకోవాలి.

2009 ఫిబ్రవరి 12 రాత్రి బఫలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 కూలింది. విమానంలో 49 మంది, నేల మీద ఇంట్లో ఉన్న ఒకరు, మొత్తం 50 మంది చనిపోయారు. అది రీజినల్ ఎయిర్‌లైన్ విమానం. దాని ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, అంతకు ముందు రాత్రి దేశం పడమటి చివరనున్న సియాటిల్ వైపు నుంచి బయలుదేరి, దారిలో విమానం మారి, తెల్లారి తూర్పు తీరంలోని నెవార్క్‌కు చేరుకుంది. డ్యూటీ మొదలయ్యేది అక్కడి నుంచే. కెప్టెన్ సిబ్బంది విశ్రాంతి గదిలో రాత్రి గడిపాడు. న్యాయంగా చెప్పాలంటే, ప్రమాదానికి అసలు కారణం విమానం వేగం కోల్పోతున్న హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడమని దర్యాప్తు తేల్చింది. అలసట వారి పనితీరును ఎంత దెబ్బతీసిందో కొలిచి చెప్పడం సాధ్యం కాలేదు. కానీ దూరాన ఇల్లు, చాలని జీతం, రాత్రి ప్రయాణం అన్నవి ఆ విచారణ పొడవునా వినిపించాయి. నాకు సలహా ఇచ్చినవాళ్ళు నన్ను చేయమంటున్నది సరిగ్గా అదే ప్రయాణం. వాళ్ళు నా మంచి కోరే చెప్పారు, అందులో అనుమానం లేదు. ఫస్ట్ ఆఫీసర్‌గా ఉన్న ఆ యువతి కూడా తప్పు చేయాలని ఆ రాత్రి బయలుదేరలేదు.

ఇంకొక మాట ఎవరూ ఆలోచించినట్టు లేదు. డిస్పాచర్ అవసరం అన్నింటికంటే ఎక్కువ ఉండేది తుఫాను రోజున. ఆ రోజే విమానాలు రద్దవుతాయి, మిగిలిన ప్రతి సీటూ టికెట్టు కొన్నవాళ్ళతో నిండిపోతుంది. కాక్‌పిట్‌లో పైలట్లవి కాక అదనంగా ఉండే జంప్‌సీటు మీద డిస్పాచర్లకు అవకాశం ఉంటుంది, కానీ రద్దయిన విమానానికి జంప్‌సీటు కూడా రద్దే. అంటే నా బల్ల దగ్గర పని రెట్టింపైన రోజునే నేను ఎక్కడో ఒక విమానాశ్రయంలో చిక్కుకుని ఉంటాను. నా విమానాలు పక్క బల్ల మనిషి మీద పడతాయి. ఆ మనిషి అప్పటికే తన విమానాలతో సతమతమవుతుంటాడు. దీన్ని నేను వ్యక్తిగత ఇబ్బంది అనుకోలేను.

ఇక అవతలి వాదన. అది బలహీనమైనదని నేను అనను.

రీజినల్ ఎయిర్‌లైన్స్ సొంత కాళ్ళ మీద నిలబడే వ్యాపారాలు కావు. విమానం మీద పెద్ద ఎయిర్‌లైన్ పేరు, టికెట్టు అమ్మేది పెద్ద ఎయిర్‌లైన్, వేళలు నిర్ణయించేది కూడా అదే. నడిపినందుకు రీజినల్‌కు ఒప్పందం ప్రకారం డబ్బు ఇస్తుంది. ఒప్పందం పోతే కంపెనీ పోయినట్టే. 2020 ఏప్రిల్‌లో ట్రాన్స్ స్టేట్స్, కంపాస్ అనే రెండు రీజినల్ ఎయిర్‌లైన్స్ మూతపడ్డాయి. యునైటెడ్ పేరుతో విమానాలు నడిపిన ఎక్స్‌ప్రెస్‌జెట్ అదే ఏడాది సెప్టెంబరు ఆఖరుకు ఆ విమానాలు ఆపేసింది. వాటి కోసం ఊళ్ళు మారి వచ్చిన డిస్పాచర్లు ఎందరో ఉండి ఉంటారు. కంపెనీ బతికున్నా ఊరు మారవచ్చు: ఒహాయోలోని డేటన్‌లో ఏళ్ళ తరబడి ఉన్న పీఎస్ఏ తన ప్రధాన కార్యాలయాన్ని షార్లెట్‌కు తరలిస్తున్నట్టు 2025లో ప్రకటించింది. పైగా ఈ కంపెనీల కేంద్రాలన్నీ మహానగరాల్లో ఉండవు. స్కైవెస్ట్ యూటా రాష్ట్రంలోని సెయింట్ జార్జ్‌లో ఉంది, పీడ్‌మాంట్ మేరీల్యాండ్‌లోని సాల్స్‌బరీలో. అక్కడ ఉద్యోగం పోతే ఆ ఊళ్ళోనే అలాంటి మరో ఉద్యోగం దొరకదు.

దీనికి తోడు, రీజినల్‌లో చేరే చాలామంది అక్కడే రిటైర్ కావాలని చేరరు. జీతం పెద్ద ఎయిర్‌లైన్స్‌లోనే బాగుంటుంది. కొన్నేళ్ళ అనుభవం సంపాదించి అటు వెళ్ళాలనే అందరి ఆశ, నాదీ అదే. అప్పుడు డెల్టా అయితే అట్లాంటా, యునైటెడ్ అయితే షికాగో, అమెరికన్ అయితే డాలస్ దగ్గరి ఫోర్ట్‌వర్త్. అంటే ఇంకోసారి ఇల్లు మారాలి. అక్కడ సీనియారిటీ మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఇవన్నీ తెలిసి కూడా ఇంటిల్లిపాదినీ కదిలించడం న్యాయమా అని మా అన్నయ్య అడిగాడు. గట్టి ప్రశ్న.

నా జవాబు ఇది. ఇన్ని అనిశ్చితుల మధ్య ఇప్పుడున్న ఇంటిని, ఇక్కడి సౌకర్యాన్ని కాపాడుకోవడం భద్రత అనుకుంటున్నాం. కానీ ఆ భద్రతకు అద్దె కట్టేది నా నిద్ర. కంపెనీ మూతపడితే కోల్పోయేది ఒక అద్దె ఇల్లు, ఒక ఊరు. సర్టిఫికెట్టు పోదు, ఆ కుర్చీలో నేర్చుకున్నది పోదు. అందుకే అక్కడ ఇల్లు కొనం, అద్దెకే ఉంటాం. ఇంటికి వచ్చిపోయే ఏర్పాటులో అలసి నేనొక తప్పు చేస్తే మాత్రం పోయేది వేరే వాళ్ళది. ఆ రెండు నష్టాలను ఒకే తక్కెడలో పెట్టడానికి నా మనసు ఒప్పుకోదు.

ఇంట్లో మాట ఎలా సాగిందో కూడా చెప్పాలి. మావారి ఉద్యోగం కోసం మేం రెండుసార్లు ఊళ్ళు మారాం. మొదటిసారి పాప పుట్టలేదు, రెండోసారి దానికి మూడేళ్ళు. ఆ రెండుసార్లూ నా ఉద్యోగం వదిలేశాను. కొత్త ఊళ్ళో వెతుక్కుని వెతుక్కుని చివరికి గేటు దగ్గర చేరాను. అప్పుడు ఎవరూ వచ్చి, ఆయన ఒక్కడే వెళ్ళి మంచం అద్దెకు తీసుకోవచ్చు కదా అనలేదు. కుటుంబం ఆయన వెంట వెళ్ళడం సహజమనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఇప్పుడు నా వంతు వచ్చేసరికి ప్రతి ఒక్కరూ ఇల్లు కదలకుండా ఉండే ఉపాయాలు చెబుతున్నారు. నాకు బాధ కలిగింది. దాన్ని దాచుకోలేదు.

‘మీకు బదిలీ అయినప్పుడు నేను ఎన్నాళ్ళు ఆలోచించానో గుర్తుందా?’ అని మావారిని అడిగాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ‘నువ్వు ఆలోచించావో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు’ అన్నారు. మర్నాడు ఆయనే వాళ్ళ ఆఫీసులో మాట్లాడి వచ్చారు. ఆరు నెలల పాటు వేరే ఊరి నుంచి పని చేయడానికి ఒప్పుకున్నారట. ఆ తర్వాత సంగతి చెప్పలేమన్నారట. అంటే ఆరు నెలల తర్వాత ఆయన అక్కడ కొత్త ఉద్యోగం వెతుక్కోవాల్సి రావచ్చు. నా కొత్త జీతం గేటు జీతం కంటే ఎక్కువే కానీ ఒక ఇంటిని ఒంటరిగా మోసేంత కాదు. ఈ బరువు ఆయన మీద పడుతోందని నాకు తెలుసు. అందుకే ఈ నిర్ణయం తేలిగ్గా తీసుకున్నానని ఎవరూ అనుకోవద్దు.

పాపకు పన్నెండేళ్ళు. తనకు విషయం చెబితే మొదట ఏడ్చింది. తర్వాత స్నేహితుల పేర్లు ఒక్కొక్కటీ చెప్పింది, నేను విన్నాను. తనకు బదులుగా ఏదో కొనిస్తానని ఆశ పెట్టలేదు. అక్కడా స్నేహితులు దొరుకుతారులే అని తేలిక చేయనూ లేదు. మూడో రోజు తనే వచ్చి, ‘రాత్రి షిఫ్టు చేసి వస్తే నేను బడికి వెళ్ళే ముందు నువ్వు ఇంట్లో ఉంటావా?’ అని అడిగింది. ఉంటాను అన్నాను. ఊరు మారితేనే ఆ జవాబు చెప్పగలను. మారకపోతే వారానికి ఒక్క పొద్దునకు మించి చెప్పలేను.

ఒప్పుకునే ముందు ఆ కంపెనీ డిస్పాచ్ మేనేజర్‌కు ఫోను చేసి కొన్ని సంగతులు అడిగాను. శిక్షణ ఎన్ని వారాలు, చివరి పరీక్షలో తప్పితే రెండో అవకాశం ఉంటుందా, షిఫ్టుల ఎంపిక ఏడాదికి ఎన్నిసార్లు, ఒక్కో బల్ల మీద మామూలు రోజున ఎన్ని విమానాలు, గాలివాన రోజున సాయానికి అదనపు మనిషి ఉంటాడా. ఇలాంటి ఉద్యోగం ముందుకొచ్చిన ఎవరైనా జీతం కంటే ముందు ఇవి అడగాలని నేను గట్టిగా చెబుతాను. చాలావాటికి సూటిగా సమాధానాలు వచ్చాయి. చివరగా, ‘నేను ఒక విమానాన్ని ఆపితే మర్నాడు ఏం జరుగుతుంది?’ అని అడిగాను. ఆయన కాస్త ఆగి, ‘ఎందుకు ఆపారని అడుగుతాను. మీరు కారణం చెబుతారు. కారణం వాతావరణమో, ఇంధనమో, మీకే తృప్తిగా లేకపోవడమో అయితే అక్కడితో అయిపోతుంది’ అన్నారు. తృప్తిగా లేకపోవడం కూడా ఒక కారణమేనని ఆయన నోటితో అనడం నాకు చాలా పెద్ద విషయం. వేరేలా మాట్లాడి ఉంటే ఇల్లు దగ్గరైనా చేరేదాన్ని కాను.

కాబట్టి వెళ్తున్నాం. మార్చి చివర్లో శిక్షణకు నేను ఒక్కదాన్నే వెళ్తాను. ఆ కొన్ని వారాలూ అనుభవమున్న డిస్పాచర్ పక్కన కూర్చునే నేర్చుకుంటాను, రిలీజ్ మీద సంతకం నాది కాదు. కాబట్టి అప్పుడు ఒక గదిలో ఉండటానికి నాకు అభ్యంతరం లేదు. పరీక్ష నెగ్గాకే ఇల్లు కదులుతుంది, ఎందుకంటే నెగ్గనివాళ్ళూ ఉంటారు. ఆ అవకాశాన్ని కళ్ళు మూసుకుని దాటేయలేను. నా పరీక్ష మే నెలలో, పాప బడి జూన్ మొదటి వారంలో మూస్తారు. నా సొంత బల్ల మీద మొదటి రాత్రి షిఫ్టు మొదలయ్యే నాటికి ముగ్గురమూ అక్కడ ఉండేలా లెక్క వేసుకున్నాం.

ఇంటి యజమానికి ఇవ్వాల్సిన నోటీసు మావారు నిన్న రాత్రి రాసి పెట్టారు. తేదీ దగ్గర ఖాళీ వదిలి, వంటింట్లో అలమర తలుపుకు అతికించారు. నేను పరీక్ష నెగ్గానని ఫోను చేసిన రోజు ఆ తేదీ పాప నింపుతుందట. ఎయిర్‌లైన్‌కు జవాబు మాత్రం ఈ రాత్రే పంపుతున్నాను.